నవాబు పంపు మొండికేసిన దసరా

ఆ రోజుల్లో మాకు ఒంటరితనం అనే మాట నోటికి వచ్చేది కాదు. పుస్తకాల్లో ఉండేదేమో తెలియదు. మనసు బాగా లేకపోతే "ఏం తోస్తలేదు" అనేవాళ్ళం, అంతే. తోచకపోవడానికి మందు కూడా మా దగ్గరే ఉండేది. బస్టాండుకు పోయి, వచ్చే బస్సులనూ పోయే బస్సులనూ చూసి రావడం. నేను డిగ్రీ అయిన కొత్తలో మంచిర్యాలలో ఉద్యోగానికి చేరాక బస్టాండు చూసి చూసి అయిపోయింది, ఆ తర్వాత రైల్వే స్టేషనూ అయిపోయింది. (స్టేషన్లో చాయ్ అమ్మే మనిషి నన్ను రోజూ చూసి చూసి, "నువ్వేం అమ్ముతవ్ తమ్మీ?" అని ఒకనాడు అడగనే అడిగాడు.) ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నేనొక చేపతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఆ సంగతి విన్నాక మీరు నన్ను మరీ తేలిగ్గా చూడొద్దు.

నా ఉద్యోగం ఒక పిల్లల దవాఖానలో చిట్టీలు రాయడం. పేరు, వయసు, బరువు రాసి నెంబరు ఇచ్చి, ఆ నెంబరు వచ్చినప్పుడు గట్టిగా పిలవాలి. రోజంతా జనం మధ్యనే ఉండేవాడిని. కానీ ఆ జనం నాతో మాట్లాడేది ఒకటే మాట, "మా నెంబర్ ఎప్పుడొస్తది?" అని. నా మొహం చూసి పిల్లలు ఏడ్చేవాళ్ళు, ఎందుకంటే నేను పిలిచిన తర్వాతే సూది పడేది. సాయంత్రం షట్టరు దించాక వెనక గదిలో నా మంచం, నా స్టవ్వు, నేను. ఊరు పెద్దపల్లి దిక్కు, రైలెక్కితే ఎంతో దూరం కాదు. అయినా బాపు గల్ఫ్‌లో ఉన్నాడు, అవ్వా (మా దిక్కు అమ్మను అట్లాగే అంటాం) చెల్లీ పొలం పనుల్లో ఉండేవాళ్ళు, నేనేమో "ఉద్యోగం చేస్తున్న" అనే గొప్పలో ఉండేవాడిని. వారం వారం ఇంటికి పరుగెత్తితే ఆ గొప్ప ఏం కాను?

దవాఖాన హాల్లో ఒక పెద్ద నీళ్ళ తొట్టి, అందులో ఒకే ఒక్క ఆస్కార్ చేప ఉండేది. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో, అరచేయికి మించి పెరిగింది. తోటి చేపలను వేటినీ బతకనివ్వలేదు గనుక ఒంటరిగా ఉండేది. దానికి నవాబు అని పేరు పెట్టింది మా కంపౌండర్ చాచా. డాక్టరమ్మ కంటే ముందు నుంచి, అంటే ఆ దవాఖాన ఆమె మామగారి చేతిలో ఉన్నప్పటి నుంచి ఉన్న మనిషి ఆయన. రోజూ నస్పూర్ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవాడు. "సూడు బేటా, తిండి ఏస్తెనే మొఖం సూపెడ్తడు, లేకుంటె ఈపు. ఖాందానీ నవాబ్" అనేవాడు. సాయంత్రాలు నేను స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చుని, ఆ రోజు ఎవరు నన్ను ఏమన్నారో నవాబుకు చెప్పేవాడిని. నవాబు నోరు తెరిచి మూసేవాడు. నా మాటలకు జవాబిస్తున్నాడని నేననుకునేవాడిని, తిండికి అడుగుతున్నాడని చాచా అనేవాడు.

ఆ తొట్టిలో నీళ్ళు తిప్పడానికి ఒక పంపు ఉండేది. డాక్టరమ్మ తమ్ముడు గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చాడు. బుడగలు వదిలే గాలి మోటరు ఎప్పుడో చెడిపోయింది కాబట్టి నవాబుకు ఊపిరి అందడం ఈ పంపు మీదే ఆధారం. పంపు నీళ్ళలో ఉంటే, దాన్ని నడిపే కంట్రోలరు బయట, తొట్టి చట్రానికి బిగించి ఉండేది. నల్లటి చిన్న డబ్బా, నాలుగు గుండీలు. పగలంతా పంపు జోరుగా తిరిగి నీళ్ళలో అల లేపేది, చీకటి పడితే దానంతట అదే నెమ్మదించేది. చీకటి పడ్డట్టు దానికెట్లా తెలుస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. తెల్లారినట్టు కోడికి తెలుస్తుంది కదా, దీనికీ అట్లాగే తెలుస్తుందనుకున్నాను.

దసరా వచ్చింది. డాక్టరమ్మ కరీంనగర్‌లో తల్లిగారింటికి పోతూ, "నవాబును చూడటానికి ఎవరన్నా ఉండాలె కదా" అంది. ఎవరూ అడగకముందే నేను "నేనుంట మేడమ్" అన్నాను. పండుగ పూట పిల్లగాడిని ఎట్లా ఉంచుతాం, వద్దు పో అని ఆమె అంటుందనీ, నేను ఒకటి రెండు సార్లు బెట్టు చేసి ఒప్పుకుంటాననీ నా లెక్క. ఆమె "మంచి పిలగానివి" అని తాళాలు చేతిలో పెట్టింది. సరే, అవ్వ అయినా పట్టుబడుతుందిలే అనుకున్నాను. అవ్వా చెల్లీ బతుకమ్మకు ఆదిలాబాద్ దిక్కు అమ్మమ్మ ఊరికి పోయారు. ఫోన్ చేసి "నువ్వు గూడ రా బిడ్డా" అంది. "డ్యూటీ ఉంది అవ్వా, నేను లేకుంటె ఇక్కడ నడువది" అన్నాను బరువుగా. "అట్లనా, సరే తియ్, పని ముఖ్యం" అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఇద్దరూ అంత తొందరగా ఒప్పుకోవడం నాకు చాలా కష్టమనిపించింది.

పండుగకు ముందు రోజు ఆయుధ పూజ. మా దవాఖానలో మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టడం పద్ధతి. ఆ ఏడు ఆ పని నా ఒక్కడికే పడింది. పని లేనివాడి పూజ కాబట్టి తీరిగ్గా, గంధం చిక్కగా కలిపి పెద్ద పెద్ద బొట్లు పెట్టాను. పిల్లలను తూచే కాటాకు, పొగ పట్టే మిషన్‌కు, ఫ్రిజ్‌కు, ఇన్వర్టర్‌కు, కామెర్లు వచ్చిన పసిపిల్లలను పడుకోబెట్టే నీలం లైటుకు, అన్నిటికీ. కంట్రోలరు దగ్గరికి వచ్చాను. గుండీల పైన, సరిగ్గా నడుమ, శనగ గింజంత గాజు ముక్క ఉంది. బొట్టు కోసమే కంపెనీ వాళ్ళు అంత జాగా వదిలినట్టుంది. అక్కడే గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను. నవాబుకూ పెట్టేవాడినే, ఆయన ఒక చోట నిలబడలేదు.

కాసేపటికి చూస్తే పంపు నెమ్మదిగా తిరుగుతోంది. నాకేమీ అనుమానం రాలేదు. మా దిక్కు ఆయుధ పూజ నాడు నాగలి కట్టరు, వడ్రంగి ఉలి పట్టడు, దర్జీ కత్తెర ముట్టడు. పని ముట్లకు ఏడాదికి ఒక రోజు విశ్రాంతి. పరాయి దేశం నుంచి వచ్చిన పంపుకు కూడా మన పద్ధతి తెలిసిందే అని ముచ్చటపడ్డాను. (నిజంగానే ముచ్చటపడ్డాను, ఆ మాట నవాబుతో కూడా అన్నాను.) గుండీ నొక్కి చూసే ఆలోచన కూడా చేయలేదు, పడుకున్నవాణ్ణి లేపినట్టవుతుందని.

దసరా పొద్దున లేచి చూస్తే పంపు ఇంకా నిద్రలోనే ఉంది. నవాబు నీళ్ళ పైకి వచ్చి మూతి బయట పెట్టి గుటుకు గుటుకున గాలి మింగుతున్నాడు. గుండీ నొక్కాను. లైటు వెలిగింది, పంపు మాత్రం వినలేదు. అన్ని గుండీలూ నొక్కాను, పొడుగ్గా నొక్కాను, రెండేసి కలిపి నొక్కాను. ప్లగ్గు తీసి పెట్టాను. ఇన్వర్టర్ లైన్ మార్చాను. దేనికీ ఉలుకూ పలుకూ లేదు. అప్పుడే తాళం సంగతి చూసి పోదామని చాచా వచ్చాడు.

"చాచా, నవాబు సచ్చిపోయేటట్టున్నడు" అన్నాను.

"పరేషాన్ గాకు బేటా, జర ఆగు" అని చాచా అద్దాలు పెట్టుకుని అంగీ చేతులు పైకి మడిచాడు. ఇద్దరం కలిసి పంపును నీళ్ళలోంచి తీశాం. లోపల తిరిగే రెక్కకు తెల్లగా సున్నం పట్టి ఉంది. పూజకు తెచ్చిన నిమ్మకాయలు పిండి ఆ రసంతో రుద్దాం. రెక్క కొత్తదానిలాగా మెరిసింది, మళ్ళీ పెడితే మళ్ళీ అదే నడక. అడాప్టర్ మార్చాం. వైరు చివర గీకాం. తర్వాత చాచా స్పిరిట్ దూది తీసుకుని కంట్రోలరు తుడవడం మొదలుపెట్టాడు. సూది వేసే ముందు పిల్లల చెయ్యి తుడిచినంత శ్రద్ధగా, గుండీ గుండీకీ చుట్టూ తుడిచాడు. బొట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపాడు.

"గిది నీ పూజది బేటా. నేను తుడుస్తె మంచిగుండది. తుడుస్తె నువ్వే తుడువు."

"జమ్మికి పోయొచ్చినంకనే తుడవాలె చాచా, అవ్వ చెప్పింది."

"అట్లనా, ఉండనీ మరి" అని, దూది బొట్టుకు తగలకుండా చాలా జాగ్రత్తగా చుట్టూ తిప్పి తుడిచాడు. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకున్నందుకు ఇద్దరికీ తృప్తిగా ఉంది.

ఇక లాభం లేదని ఆ తొట్టి అమర్చిన కరీంనగర్ చేపల దుకాణం అన్నకు ఫోన్ చేశాను. ఆయన పండుగ సంబరంలో ఉన్నాడు, వెనక డప్పులు. సంగతంతా అరిచి చెప్పాను. "నైట్ మోడ్ల పడ్డది తమ్మీ అది" అని ఆయనా అరిచాడు. "రాత్రయిందనుకుంటుంది. రాత్రయితె గుండీల మాట గూడ ఇనది. ముందట కన్నుంటది సూడు, దానికి ఎలుగు తాకాలె." కన్ను ఎట్లా ఉంటుందని అడిగేలోగా డప్పులు మీద పడి లైన్ పోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేనూ చాచా వంగి కంట్రోలరు ముందట చూశాం. నాలుగు గుండీలున్నాయి, బొట్టుంది, కన్ను లేదు. మా మోడల్‌కు కన్ను ఇవ్వలేదని తేల్చుకున్నాం. (మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి.)

"ఎలుగే గద గావాల్సింది" అన్నాడు చాచా. కిటికీలన్నీ తెరిచాం. బొగ్గు ధూళి పట్టిన అద్దాలను గుడ్డతో తుడిచాం. ట్యూబు లైట్లన్నీ వేశాం. గొంతులోకి చూసే టార్చి పట్టాం. చివరికి చాచా లోపలికి పోయి, చక్రాల మీద దొర్లించుకుంటూ కామెర్ల లైటు తెచ్చి కంట్రోలరు ముందు నిలబెట్టి స్విచ్ వేశాడు. హాలంతా నీలం అయిపోయింది. ఆ వెలుగులో నవాబు, నేను, చాచా ముగ్గురం కామెర్లు వచ్చిన పసిపిల్లల లెక్కన కనిపించాం. పంపుకు మాత్రం అర్ధరాత్రే.

మధ్యాహ్నానికి చాచాకు ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. బిడ్డా అల్లుడూ వచ్చి కూర్చున్నారట. "నువ్వు గూడ రా బేటా, జర తిని వద్దువు" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క పిలుపు కోసం నేను పండుగకు ముందు నుంచీ ఎదురుచూస్తున్నాను. అది వచ్చిన రోజు నేను కదలడానికి లేదు. "నవాబును ఇడిచిపెట్టి ఎట్ల వస్త చాచా" అన్నాను. ఆయన నా భుజం తట్టి, గాలి అందాలంటే మగ్గుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండమని చెప్పి పోయాడు.

అప్పటి నుంచి అదే పని. ముంచడం, పైకెత్తడం, ధారగా పోయడం. కుడి చెయ్యి గుంజితే ఎడమ చెయ్యి. పోసినంతసేపు నవాబు కిందికి దిగేవాడు, ఆపితే మూతి పైకి తేలేది. నడుమ అవ్వ ఫోన్ చేసింది. మగ్గు ఆపకుండా చెవికీ భుజానికీ నడుమ ఫోన్ ఇరికించుకున్నాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"పంపు నడుస్తలేదు అవ్వా."

అవ్వకు పంపు అంటే పొలం కాడి మోటరే. "నీళ్ళు అందుతలేవో ఏమో, పైపుల నీళ్ళు పొయ్యి. మోటరుకు బొట్టు వెట్టినవా?"

"పెట్టిన అవ్వా. పెద్దగనే పెట్టిన."

"మరింకేంది? ఇగ దానికి ఏం గాదు. తిన్నవా?"

తినలేదు. "తిన్న" అన్నాను. అటు నుంచి పిల్లల గోల, ఎవరో చెల్లిని పిలుస్తున్నారు, గిన్నెల చప్పుడు. "అందరు నిన్నే అడుగుతుండ్రు" అంది అవ్వ. రమ్మని ఇంకొక్క మాట అంటే అక్కడే ఏడ్చేవాడిని. ఆమె అనలేదు, నా డ్యూటీ మీద ఆమెకు అంత గౌరవం.

పొద్దు వాలుతుంటే వీధిలో డప్పులు మోగాయి. జనం జమ్మి చెట్టుకు పోతున్నారు. కొత్త బట్టలు, నవ్వులు, బండ్ల హారన్లు. షట్టరు సందులోంచి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నా చేతులు ఇక లేవడం లేదు. ఒక్క క్షణం ఆపాను. నవాబు ఒక పక్కకు ఒరిగి, తేలి, మళ్ళీ సర్దుకున్నాడు. "నువ్వు గూడ పోతె నాకిక్కడ ఎవలున్నర్‌రా" అన్నాను పైకే. అని, తడి చేతులతో మొహం తుడుచుకుని, ఎదురుగా కనిపించిన కంట్రోలరు మీద నుదురు ఆనించి ఏడ్చాను. ఏడ్చానని రాయడానికి ఇప్పుడు నాకేం సిగ్గు లేదు. అప్పుడైతే నవాబు చూస్తున్నాడని సిగ్గుగానే ఉండింది.

కాసేపటికి తల ఎత్తాను. ఎత్తీ ఎత్తగానే తొట్టిలో దభీమని అల లేచి నా అంగీ ముందు భాగమంతా తడిపేసింది. పంపు గిర్రున తిరుగుతోంది. గుండీలన్నీ పొద్దుటి నుంచీ నొక్కి ఉన్నాను కదా, అన్ని హుకుములూ ఒక్కసారే అమలైనట్టు పూర్తి జోరులో ఉంది. నవాబు ఆ ఊపుకు అటు మూలకు కొట్టుకుపోయి, తేరుకుని, ఇదేం మర్యాద అన్నట్టు చూశాడు. నాకేమీ అర్థం కాలేదు. తొట్టి అద్దంలో నా మొహం నీలం వెలుగులో కనిపించింది. నుదుటి మీద ఇంత పెద్ద కుంకుమ. కంట్రోలరు వైపు చూశాను. బొట్టు లేదు, దాని చోట శనగ గింజంత గాజు కన్ను తళతళలాడుతూ నన్నే చూస్తోంది.

నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. కానీ ఒక్కడివే నవ్వితే నవ్వు తొందరగా అయిపోతుంది. నవాబుకు గింజలు వేశాను. గబగబా తిని, తన మూలకు పోయి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఆయన ప్రాణానికి నా ప్రాణం అడ్డం వేసిన మనిషిని, కనీసం ఒకసారి ఇటు తిరగొచ్చు కదా. తిరగలేదు. చాచాకు ఫోన్ చేశాను, కలవలేదు. అవ్వకు చేశాను, మోగి మోగి ఆగిపోయింది, జమ్మికి పోయి ఉంటుంది. చేపల దుకాణం అన్న ఎత్తి "ఆఁ, మంచిది తమ్మీ" అని పెట్టేశాడు. ఇంత పెద్ద వార్త నోట్లో ఉంది, చెప్పడానికి మనిషి లేడు. కామెర్ల లైటు ఆర్పి, షట్టరు సగం ఎత్తి, బయట మెట్ల మీద నిలబడ్డాను.

అప్పటికే జనం జమ్మి దగ్గర నుంచి తిరిగి వస్తున్నారు. చేతుల్లో జమ్మి ఆకులు, ఎదురుపడ్డవాళ్ళకు "బంగారం" అని పంచుకుంటూ, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ చేసుకుంటూ పోతున్నారు. తడిసిన అంగీతో నేను ఒక పక్కకు ఒదిగాను. నా నుదుటి బొట్టు చూసి నేనూ వాళ్ళతోనే చెట్టు దగ్గరికి పోయి వచ్చాననుకున్నాడేమో, ఒక పెద్దాయన నా ముందు ఆగాడు. తెల్ల అంగీ జేబు నిండా ఆకులు, పలుగు పట్టి పట్టి మొద్దుబారిన చేతులు. వెనక ఆయన ఇంటివాళ్ళు. "దా కొడుకా, బంగారం తీస్కో" అని నా అరచేతిలో ఆకులు పెట్టాడు. పెద్దవాళ్ళు బంగారం ఇస్తే ముందు కాళ్ళు మొక్కాలి, ఆ తర్వాతే ఏదైనా. నేను అది మరిచిపోయి ఆయన్ని పట్టుకున్నాను.

ఆయన రెండు సార్లు వీపు తట్టాడు. మామూలుగా అయితే అక్కడ వదిలేయాలి. నేను వదల్లేదు. ఆయన ఆగి, ఇంకోసారి తట్టి, "ఎవలింటోనివి కొడుకా?" అని అడిగాడు.

"పంపు నడుస్తుంది బాపూ" అన్నాను ఆయన భుజంలోకి. "శాప బతికింది."

ఆయనకు ఏం అర్థమై ఉంటుంది, పాపం. "మంచిగైంది బిడ్డా, మంచిగైంది" అన్నాడు. నేను ఇంకా అట్లాగే ఉండేసరికి, ఇంటివాళ్ళ వైపు చూసి, మెల్లగా, "ఇగ ఇడువు కొడుకా, ఇంకా శానమందికి ఇయ్యాలె" అన్నాడు.

ఇప్పుడు నాకు మాట్లాడే మనుషులున్నారు, ఇల్లుంది, దసరాకు ఫోన్ నిండా బంగారం ఆకుల బొమ్మలు వస్తాయి. ఆ పెద్దాయన ఎవరో మాత్రం తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఎవరో పిల్లగాడు శాప బతికిందని పట్టుకుని ఇడువలేదని ఇంట్లోవాళ్ళతో చెప్పుకుని నవ్వి ఉంటాడు. నాకూ తలుచుకుంటే నవ్వే వస్తుంది. నిజంగానే నేను వదల్లేదు, ఆయనే జర తిప్పలు పడి నా చేతులు ఒక్కొక్కటిగా విడిపించుకుని పోయాడు.